నాన్న ఓటుకి తోడు

ఆ ఎండాకాలం నాకు రెండు ఓట్లు ఉండేవి. ఒకటి నాది, ఒకటి నాన్నది.

నాన్న సిటీ బస్సు నడిపేవాడు. చూపు అంచుల నుంచి మొదలై లోపలికి తినుకుంటూ వచ్చే కంటిజబ్బు ఆయనది. మొదట పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనిపించడం మానేశాయి, తరవాత రోడ్డు అంచులు, తరవాత ఎదురుగా కూర్చున్న మనిషి. "సొరంగంలోకి బండి పోనిచ్చినట్టుంది. అవతలి చివర వెలుగు బిళ్ళలాగా కనిపిస్తోంది. వెళ్ళేకొద్దీ అది పెద్దదవ్వాలి కదా, చిన్నదవుతోంది," అనేవాడు. ఆ ఎన్నికలు వచ్చేసరికి బిళ్ళ కూడా మిగల్లేదు.

చూపులేని ఓటరు ఇంట్లో మనిషిని ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ఓటరు చెప్పిన చోట ఆ తోడు వచ్చిన మనిషి ముద్ర వేయాలి. ఎన్నికల తేదీ రేడియోలో చెప్పిన రోజునే నాన్న, ఎవరూ అడక్కముందే, "నాతో అమ్మాయి వస్తుంది," అన్నాడు. అన్నయ్య పళ్ళెంలోంచి తలెత్తి నావైపు చూశాడు. అందులో కోపం లేదు. బజార్లో ఏదైనా వస్తువు మీద కన్నుపడినప్పుడు, బేరం మొదలుపెట్టకముందు, దాని ధర ఊహించుకుంటారే, అలాంటి చూపు.

మా ఇంట్లో పార్టీలకి పేర్లుండేవి కావు. 'మనది' అంటే నాన్న పార్టీ. బస్సు కార్మికుల యూనియన్‌లోంచి పుట్టిన చిన్న పార్టీ. ప్రతి ఎన్నికలోనూ మూడో స్థానంలో నిలబడి, దాన్ని కూడా ఎవరో లాక్కుపోతారేమో అన్నంత శ్రద్ధగా కాపాడుకునేది. 'వాళ్ళది' అంటే పాలిస్తున్నవాళ్ళది. 'రెండోది' అంటే పోయినసారి మా నియోజకవర్గంలో కొద్దిలో ఓడిపోయింది. ఆ కొద్ది ఎంతో అన్నయ్యకి కంఠతా వచ్చు. మనదానికి పడిన ఓట్లలో అది సగం కూడా లేదు.

అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. వాళ్ళది మళ్ళీ గెలిస్తే డిపో మూసేసి ఆ స్థలం అమ్మేస్తారని అందరికీ తెలుసు. వాళ్ళు దాచలేదు కూడా, దాన్ని అభివృద్ధి అని చెప్పుకుంటూ ఊరంతా తిరుగుతున్నారు. వాళ్ళని ఇక్కడ ఓడించగలిగింది రెండోదొక్కటే. మనది చేయగలిగింది ఓట్లు చీల్చడం. ఈ లెక్క నాన్నతో సహా ఇంట్లో అందరికీ అర్థమయింది. లెక్క అర్థమైతే మనిషి మారతాడని అన్నయ్య అనుకున్నాడు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న నాన్నకి గడ్డం గీయడానికి బాబాయ్ వచ్చేవాడు. రక్తసంబంధం కాదు, వీధి చివర మంగలి షాపు ఆయనది. మనదానికి మా వార్డులో కార్యదర్శి కూడా ఆయనే కాబట్టి వీధంతా సెక్రటరీ అని పిలిచేది. మేముండే మూడు గదులూ లాండ్రీ పైన. కింద ఇస్త్రీలు నడుస్తున్నంతసేపూ మా నేల వెచ్చగా ఉండేది, తడిగుడ్డల వాసన మెట్లెక్కి వచ్చేది. నాన్నని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, బాబాయ్ నురగ పట్టించడంతో సభ మొదలయ్యేది. ఆ ఆదివారం సభలో అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"బాబాయ్, ఒక్కటడుగుతాను. ఈసారి మీవాడు గెలుస్తాడా?"

'మీవాడు' అనడం నేను విన్నాను. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అలా అనలేదు. నాన్న కూడా విన్నాడు. నురగ పైన కనుబొమ్మలు కొంచెం లేచి, తిరిగి దిగాయి.

"గెలుపే కావాలంటే పార్టీ ఎందుకురా, పేకాటలో కూర్చుందును," అన్నాడు బాబాయ్.

"సూటిగా చెప్పు."

"గెలవడు."

"గెలవడని తెలిసీ నిలబెట్టారు."

"బాగుపడదని తెలిసిన ఇంజను నువ్వు విప్పవా?"

"ఎందుకు విప్పను. విప్పి, పనికొచ్చే సామాను ఇంకో బండికి బిగిస్తాను. అదే చెయ్యమంటున్నాను. మీ ఓట్లు విప్పి రెండోదానికి బిగించండి."

నాన్న గొంతు మీద కత్తి ఆగింది. "అన్నా, నీ కొడుకు నన్ను పాత సామాన్ల కింద అమ్మేస్తున్నాడు."

"ముందా కత్తి తీసి మాట్లాడు," అన్నాడు నాన్న. "పార్టీ కోసం ప్రాణమిస్తానన్నాను గానీ ఆదివారం పూట ఇస్తానన్లేదు."

అందరం నవ్వాం. నవ్వు అణిగాక నాన్న తువ్వాలు అంచుతో పెదాలు తుడుచుకుని, ఎవరికీ కాదన్నట్టుగా చెప్పాడు. "ఆఖరి ట్రిప్పు ఖాళీగా తోలేవాణ్ణి. బండిలో నేనూ కండక్టరూ తప్ప పురుగు ఉండేది కాదు. అయినా ప్రతి స్టాపులో ఆపాలి, తలుపు తియ్యాలి, ఒక్క క్షణం చూడాలి. ఎక్కేవాళ్ళు లేరు కదా అని ట్రిప్పు ఎత్తేశావనుకో, ఏదో ఒకరోజు ఎవడో వచ్చి స్టాపులో నిలబడతాడు. వాడికి బస్సుండదు. మనది అలాంటి బండి. నా ఓటు దాన్లో పోసే డీజిలు."

"ఖాళీగా తోలినా నీకు జీతం వచ్చింది నాన్నా. ఇప్పుడు ఆ జీతాలే పోయేట్టున్నాయి."

వదిన టీ గ్లాసులు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. మాటలు ముదురుతున్నాయనిపించినప్పుడల్లా ఆమె టీ పెట్టేది. ఆ సీజన్లో మేం తాగినంత టీ మళ్ళీ ఎప్పుడూ తాగలేదు. "మావయ్యా, నాకు మీ సిద్ధాంతాలు తెలియవు. రెండోవాళ్ళు మంచివాళ్ళని నేనూ అనను. కానీ గుడ్డికన్నా మెల్ల నయం కదా..." అని, ఏమన్నదీ అప్పుడు తెలిసి నాలుక కరుచుకుంది.

బాబాయ్ సరిగ్గానే ఉన్న తువ్వాలుని మళ్ళీ సర్దాడు.

"ఆ సంగతి ఈ ఇంట్లో నాకంటే ఎవరికి తెలుసమ్మా," అన్నాడు నాన్న. "మెల్ల ఉన్న రోజుల్లో నేనూ నయమే అనుకున్నాను. మెల్ల కాస్తా మెల్లగా గుడ్డి అయింది."

వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బాబాయ్ అయితే కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. నవ్వనిది అన్నయ్య ఒక్కడే. వాడు గోడకి ఆనుకుని తన గోళ్ళలోని గ్రీజు చూసుకుంటున్నాడు.

ఆ తరవాతి వారాల్లో నేను ముఖ్యమైన మనిషినయ్యాను. నాకది అలవాటు లేదు. ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే గదిలో నా ఉద్యోగం. అద్దానికి అవతల మనిషి చెవులకి డబ్బాలు తగిలించుకుని కూర్చుంటాడు, ఇవతల నేను చిన్నచిన్న చప్పుళ్ళు పంపుతాను, వినిపించినప్పుడల్లా వాళ్ళు వేలెత్తాలి. చాలామంది చప్పుడు లేకపోయినా ఎత్తుతారు. అబద్ధమాడాలని కాదు. వినపడాలన్న కోరిక గట్టిగా ఉంటే చెవి లోపల దానంతట అదే మోగుతుంది. ఏ వేలు నిజంగా విని లేచిందో, ఏది కోరికతో లేచిందో కనిపెట్టడమే నా పని. ఇతరుల విషయంలో నాకది బాగానే వచ్చు.

అన్నయ్య నన్ను మెట్ల మీద పట్టుకున్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా, భుజం మీద డిపో చొక్కా.

"నువ్వు దేనికేస్తున్నావు?"

"రెండోదానికే. నీకు తెలుసుగా."

"మరింకేం. రెండు ముద్రలూ నీ చేతిలోనే ఉంటాయి. ఒక గడి కిందకి జరిపితే చాలు."

"ఆయన మనదానికి వెయ్యమంటాడు."

"అంటాడు. అననీ. వేశానని చెప్పు. ఆయన సంతోషం ఆయనకి, డిపో నాకు. ఎవరికి నష్టం?"

"తెలియకపోతే నష్టం లేదంటావా?"

అన్నయ్య ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎక్కాడు. "నాకు మాత్రం సరదానా? డిపోలో నన్నేమంటున్నారో తెలుసా. మీ నాన్నవాళ్ళే కదా పోయినసారి మనల్ని ముంచింది అంటున్నారు. నవ్వుతూనే అంటారు. నవ్వుతూ అనేదానికి కోపం కూడా చూపించలేం."

వాడు చెడ్డవాడు కాదు. రోజూ సాయంత్రం నాన్నని చెయ్యిపట్టుకుని కిందకి దించి, వీధి చివరిదాకా నడిపించి, తిరిగి పైకి తెచ్చేది వాడే. డ్యూటీనుంచి ఎంత అలిసి వచ్చినా మానేవాడు కాదు. నేనేం జవాబు చెప్పలేదు. చెప్పకపోవడాన్ని వాడు సగం ఒప్పుకోలు కింద తీసుకుని దిగిపోయాడు.

ఆ వారమే బాబాయ్ షాపు ముందునుంచి వెళ్తుంటే ఆయన లోపలికి పిలిచాడు. ఖాళీ కుర్చీ ఒకటి తుడిచి చూపించాడు. అద్దంలో నేనూ, నా వెనక ఆయనా.

"తల్లీ, నీ ఓటు నీది. అటే వేసుకో, నేనేం అనుకోను. మీ నాన్నది మాత్రం..."

"నన్ను అనుమానిస్తున్నారా బాబాయ్?"

"అనుమానం కాదమ్మా. ఇంతమంది జారిపోయాక ఒక అలవాటు." ఆయన దువ్వెనలు నీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ ముంచాడు. "మొన్న సభ పెట్టామా. కుర్చీలు అద్దెకి తెప్పించాం. జనం లేరని కుర్చీలు తెచ్చినవాడే జాలిపడి ముందు వరసలో కూర్చున్నాడు. చప్పట్లు కూడా కొట్టాడు పాపం. మీ నాన్న ఉన్నాడనే ధైర్యంతోనే నేను ఇంకా ఈ బోర్డు పీకెయ్యకుండా ఉంచాను."

ఇద్దరూ అడిగింది ఒకే వస్తువు. ఇద్దరికీ నేను ఇచ్చింది ఒకే రకమైన మౌనం. బయటికి నడుస్తున్నప్పుడు నా నడకలో ఒక ఠీవి వచ్చిందని నాకే తెలిసింది. మనిషికి ప్రాధాన్యం ఎంత తొందరగా ఒంటికి పడుతుందో. ఇంట్లో నన్ను ఏమీ అడగనిది నాన్న ఒక్కడే. ఒకసారైనా 'సరిగ్గా వేస్తావు కదూ' అంటే నాకు తేలికగా ఉండేది. ఆయన అనలేదు. అడిగితే అది అనుమానమవుతుందనో, లేక తన చేతిని ఎవరైనా అడుగుతారా అనో. అవును, నేనాయనకి చెయ్యిని. అంతకుమించి నా అభిప్రాయాలతో ఆయనకి పనిలేదు. ఆ ఆలోచనకి కొంచెం బాధ కలిగింది, కొంచెం గర్వం కూడా.

ఎన్నికలు దగ్గరపడిన ఒక సెలవురోజు మధ్యాహ్నం, అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, మాట తూలింది. కింద వీధిలో వాళ్ళ ప్రచారం బండి మైకు పెట్టుకుని నెమ్మదిగా పోతోంది. దాని చప్పుడు కిటికీ దాటి పోయాక అన్నయ్య అన్నాడు.

"ఈసారికి ఒక్కసారి. ఒక్కసారి అటు వెయ్యి నాన్నా. వచ్చేసారి నీ ఇష్టం."

"వచ్చేసారి కూడా ఈసారే అవుతుందిరా. ప్రతిసారీ ఎవడో ఒకడు ఓడిపోవాలి, దానికోసం నన్ను మారమంటారు. నేను మొదటిసారి ఓటేసినప్పుడు కూడా ఇదే మాట చెప్పారు."

"అప్పుడు నీకు కొడుకు లేడు."

"లేడు."

"ఇప్పుడున్నాడు. వాడికి ఉద్యోగం పోబోతోంది. అది నీకు కనపడదు."

"కనపడటం గురించి నాతో..." అని నాన్న తేలిక చేయబోయాడు.

"ఇప్పుడు కాదు నాన్నా నీ కళ్ళు పోయింది," అన్నాడు అన్నయ్య. "ఎప్పుడో పోయాయి."

వదిన చేతిలో గరిట ఆగింది. నాన్న మొహంలో ఏమీ మారలేదు. చూపున్నవాళ్ళు దెబ్బ తగిలినప్పుడు చూపు తిప్పుకుంటారు. ఆయనకి తిప్పుకోవడానికి ఏమీ లేదు. పళ్ళెం అంచు వేలితో వెతికి, తడిమి, "కొంచెం మంచినీళ్ళు ఇలా జరపమ్మా," అన్నాడు. నేను జరిపాను. ఆ సాయంత్రం నాన్నని కిందకి దించింది నేను. ఆ తరవాత సాయంత్రాలు కూడా నేనే.

నాన్న రిటైరైన డ్రైవర్ల పాసు కొత్తది చేయించుకోవలసిన గడువు ఆ రోజుల్లోనే వచ్చింది. పక్కింటివాళ్ళని పంపినా సరిపోయేది, కానీ ఆయన తానే వస్తానన్నాడు. సెలవు పెట్టి డిపోకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఆయన నా మోచెయ్యి వదిలేశాడు. అక్కడ ఆయనకి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. గుంట ఎక్కడో, వాలు ఎక్కడో, నూనె మరకల మీద ఎక్కడ కాలు జారుతుందో పాదాలకి గుర్తుంది. పాసు పని అయ్యాక "వర్క్‌షాపు వైపునుంచి పోదాం," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. కొడుకుతో మాట్లాడదామని కాదు, కొడుకు పనిచేసే చప్పుడు విందామని.

రేకుల షెడ్డు పక్క నీడలో ఆగాం. లోపల ఒక బండి కింద, మెకానిక్కులు దిగే పల్లంలో ఇద్దరు ముగ్గురు పనిచేస్తున్నారు. కాళ్ళు కూడా కనపడవు, మాటలు మాత్రం పైకి వస్తున్నాయి. స్పానరు కిందపడిన చప్పుడు, ఎవరో తిట్టుకోవడం. ఆ తరవాత ఒక లావు గొంతు, "మరి మీ పెద్దాయన సంగతేంటి? ఈసారైనా కరుణిస్తాడా, లేకపోతే మళ్ళీ మనల్ని మూడో గేర్లోనే చంపుతాడా?"

నవ్వులు.

అప్పుడు అన్నయ్య గొంతు. "మా నాన్న సంగతి నీకేం తెలుసు. ఆయన ఈసారి మనకే వేస్తున్నాడు. నేను అడగలేదు కూడా. తనంతట తనే అన్నాడు, నీ డిపో కంటే నాకు పార్టీ ఎక్కువట్రా అని."

"అన్నాడా?"

"అన్నాడు. ఆయన ఈ డిపో మనిషి రా. ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తొద్దు."

మళ్ళీ పని చప్పుడు మొదలైంది. నేను నాన్న వైపు చూశాను. చూపులేని మనిషిని చూడటంలో ఒక మొహమాటం ఉంది, దొంగతనంగా చూస్తున్నట్టుంటుంది. ఆయన తల కొంచెం పక్కకి వంచి నిలబడ్డాడు, నా గదిలో అద్దానికి అవతల మనుషులు చప్పుడు కోసం చెవి పెట్టినట్టు. అన్నయ్య ఆ అబద్ధం తన పరువు కోసం ఆడలేదు. పరువు కోసమే అయితే నాన్నని తిట్టి తప్పించుకునేవాడు, అది ఇంకా సులువు. నేను అర్థం చేసుకున్నది నాన్న కూడా అర్థం చేసుకుని ఉండాలి.

"పోదామా," అన్నాడు కాసేపటికి. గేటు దాటాక నా మోచెయ్యి మళ్ళీ పట్టుకున్నాడు. ఇంటి దగ్గరికి వచ్చాక, లాండ్రీ ముందు ఆగి, "వాడికి గొంతు నా గొంతులాగే ఉంటుంది కదూ," అన్నాడు. "పల్లంలోంచి వస్తే ఇంకా."

పోలింగు బడిలో పెట్టారు. పిల్లల బల్లలు గోడకి తోసి, మధ్యలో అట్టపెట్టెతో చాటు కట్టారు. వరసలో నిలబడ్డంతసేపూ నాన్న శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కాలో నిటారుగా ఉన్నాడు. లాండ్రీ ఆయన ఆ చొక్కాకి డబ్బులు తీసుకోలేదు. "ఎవరికేసినా సరే, ముడతలు లేకుండా వెయ్యండి," అన్నాడు. బాబాయ్ బడి గేటు బయట పార్టీ బల్ల దగ్గర కూర్చుని మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. నాన్నకి కనపడదని గుర్తొచ్చి, "అన్నా, ఇక్కడున్నా," అని కేకేశాడు.

నా ఓటు ముందు వేశాను. రెండోదానికి. చెయ్యి తడబడలేదు, మనసు కూడా. అది చిల్లర మార్చుకున్నంత సులువుగా అయిపోయింది.

తరవాత నాన్న. బల్ల దగ్గర అలిసిపోయిన ఒక అమ్మాయి నాచేత కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఓటరు చెప్పినట్టే ముద్ర వేస్తాననీ, ఎక్కడ వేసిందీ ఎవరికీ చెప్పననీ దాని మీద రాసుంది. నాన్న చూపుడువేలికి సిరా పూసింది. తోడు వచ్చినందుకు నా రెండో చేతి వేలికి కూడా పూసింది. ఆయన్ని భుజం పట్టుకుని చాటు వెనక్కి తీసుకెళ్ళాను. కాగితం పరిచాను. వరసలో పార్టీల గుర్తులు, పక్కన ఖాళీ గళ్ళు. ముద్ర చేతిలోకి తీసుకున్నాను.

"చెప్పు నాన్నా," అన్నాను, చాలా మెల్లగా.

ఆయన వేళ్ళు బల్ల అంచు మీద ఉన్నాయి. స్టీరింగు పట్టుకున్నట్టు, రెండు చేతులూ. బయట ఎవరో దగ్గారు. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"నాకు చెప్పకుండా వెయ్యి."

నాకు ముందు వినపడలేదనుకున్నాను. వినపడింది. ఆయన తన నోటితో రెండోది అనలేడు. కొడుకు మాట విన్న తరవాత మనది అని కూడా అనలేడు. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి సందులోకి నన్ను పంపుతున్నాడు. ఏది వెయ్యమంటున్నాడో నాకు తెలుసు. డిపో నీడలో నిలబడ్డప్పుడే తెలుసు. కొడుకు ఆడిన అబద్ధాన్ని నిజం చేయాలనుకున్నాడు. తను చూడకుండా, తను వినకుండా, తన చేత్తో.

ముద్ర రెండోదాని గడి పైకి తీసుకెళ్ళాను. సీజనంతా ఆ గడే సరైనదని నమ్మినదాన్ని. కారణాలన్నీ నావైపే ఉన్నాయి, ఇప్పుడు ఆయన కూడా ఉన్నాడు. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో అప్పటినుంచీ చాలాసార్లు ఆలోచించాను. జాలి కాదు. సూత్రమూ కాదు. నా ఓటు నేను ఒక పనికి వాడుకునే వస్తువు, ఎటైనా వంచగలను. ఆయనది వస్తువు కాదు. ఆయన తనని తాను గుర్తుపట్టే ఆనవాలు. చూపు పోయినవాడికి అలాంటివి ఎన్ని మిగులుతాయి? ఇచ్చేయడం ఆయన ఇష్టం, ఇచ్చేశాడు కూడా. కానీ ఆయన నుంచి దాన్ని తీసుకోవాల్సింది నేను. నాకు చేతకాలేదు.

ముద్ర పైకి జరిపి మనదాని గడిలో గుద్దాను. బల్ల చప్పుడయింది. నాన్న ఆ చప్పుడుకి తలూపాడు, మూసిన తలుపుకి తలూపినట్టు.

బడి గేటు బయట, నీడలేని చోట, అన్నయ్య నిలబడి ఉన్నాడు. డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, చేతులింకా నల్లగా ఉన్నాయి. దగ్గరకి రావాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డ మనిషి. నేను "అన్నయ్య," అన్నాను నాన్న చెవిలో. నాన్న నా మోచెయ్యి వదిలి, గాల్లోకి చెయ్యి చాపాడు. అన్నయ్య ముందుకొచ్చి భుజం ఇచ్చాడు. నాన్న ఆ భుజం మీద చెయ్యి వేసి, నొక్కి, అలాగే ఉంచాడు.

"నాన్నా, చేతులు మురికిగా ఉన్నాయి, చొక్కాకి..."

"పోనీలే. పద."

ఇద్దరూ ముందు నడిచారు. నేను వెనక. వాడు ఏమీ అడగలేదు. అడగక్కర్లేదనుకున్నాడు.

ఫలితాల్లో రెండోది గెలిచింది. పోయినసారి ఓడినట్టు కొద్దిలో కాదు, బాగానే గెలిచింది. నాన్న ఓటు ఎటు పడినా మారేదేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు డిపో సంగతి తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ తేల్చేలోగా బస్సులు తిరుగుతున్నాయి, అన్నయ్య పల్లంలోకి దిగుతూనే ఉన్నాడు. మా ఇంట్లో దాన్ని గెలుపనే అనుకున్నాం.

ఫలితాల మర్నాడు అన్నయ్య నాన్న పక్కన మంచం మీద కూర్చుని, ఎవరూ లేరనుకుని, "నువ్వు చేసింది నేను మర్చిపోను నాన్నా. ఆ రోజు నేను అన్న మాట కూడా మర్చిపోను," అన్నాడు. నాన్న వాడి వీపు మీద తట్టాడు. ఆదివారం బాబాయ్ వచ్చి, నురగ కలుపుతూ, "వార్డులో మనకి బాగా తగ్గాయన్నా. పోనీ. పడిన వాటిల్లో నీదొకటుంది, నాకది చాలు," అన్నాడు. నాన్న మెడ పైకెత్తి గడ్డం ఇచ్చాడు. ఒకే ఓటుకి ఇద్దరు మనుషులు ఇంత నిజాయితీగా కృతజ్ఞత చెప్పడం నేను ఎక్కడా చూడలేదు. రెండూ ఆయన తీసుకున్నాడు. ఒకటి తనది కాదనుకుంటూ తీసుకున్నాడు, అది ఏదో నాకు తెలుసు.

ఆ తరవాతి ఆదివారాల్లో సభ జరగలేదు. బాబాయ్ ఏదైనా ఎత్తితే నాన్న "కానీ, నురగ ఆరిపోతుంది," అనేవాడు. వదిన టీ ఒక్కసారే పెట్టేది. అన్నయ్యతో సాయంత్రం నడకలు మళ్ళీ మొదలయ్యాయి. నాన్న వాటికోసం ఎదురుచూసేవాడు. అందుకే చెప్పాలని నోటిదాకా వచ్చింది చాలాసార్లు మింగాను. నువ్వు నీ పార్టీని వదల్లేదు నాన్నా అంటే, నీ కొడుక్కి నువ్వేమీ ఇవ్వలేదు నాన్నా అన్నట్టే కదా. ఒక బరువు దింపాలంటే ఇంకోటి ఎత్తాలి.

ఆయన మాత్రం అప్పుడప్పుడు చూపుడువేలు నా ముందుకి చాపేవాడు. "సిరా పోయిందా?"

చర్మం మీద ఎప్పుడో పోయింది. గోరులో ఉండిపోయింది. ముందు గోరు మొదట్లో, తరవాత మధ్యలో, అలా పైకి జరుగుతూ వచ్చింది. "ఇంకా కొంచెం ఉంది," అనేదాన్ని. ఆయన వేలు వెనక్కి తీసుకుని మడిచేవాడు.

వానాకాలం చివర్లో ముసురు పట్టిన వారంలో, ఒక మధ్యాహ్నం, ఆయనకి గోళ్ళు తీస్తున్నాను. కింద ఇస్త్రీలు ఆగిపోయి ఉన్నాయి, ఆరని బట్టలు మెట్ల దాకా వేలాడుతున్నాయి. చూపుడువేలి గోరు చివర ఊదారంగు గీత సన్నగా మిగిలింది. కత్తెరతో దాన్ని తీశాను. కాగితం మీద పడింది.

"అయిపోయింది నాన్నా. ఇంక లేదు."

"మొత్తం పోయిందా?"

"మొత్తం."

ఆయన బొటనవేలితో ఆ గోరు అంచు రాసుకుని చూసుకున్నాడు. తరవాత కిటికీ వైపు మొహం తిప్పి, వాతావరణం గురించి అడుగుతున్నట్టు, "అయితే ఇప్పుడు చెప్పచ్చేమో," అన్నాడు.

నేను కత్తెర కింద పెట్టాను. ఆయన గొంతులో అడగడం ఉంది. మొహంలో లేదు. నా గదిలో ఎందరో కూర్చున్నారు అలా, చప్పుడు రాబోతోందని భయపడుతూ, రాకపోతే బాగుండునని వేళ్ళు బిగబట్టుకుని.

"సంతకం పెట్టాను కదా నాన్నా. ఎవరికీ చెప్పకూడదు."

"ఆ ఎవరికీలో నేను కూడా ఉన్నానా?"

"మొదటివాడివి నువ్వే."

ఆయన నవ్వాడు. కడుపులోంచి వచ్చిన నవ్వు, ఆ ఎండాకాలం నుంచీ వినని నవ్వు. వంటగదిలోంచి వదిన, "ఏంటి మావయ్యా?" అంది.

"ఏం లేదమ్మా, గవర్నమెంటు రూలు," అన్నాడు. రెండో చెయ్యి నా ఒళ్ళోకి చాపాడు.